జాబిక్స్‌ను కొత్త సర్వర్‌కు మార్చాలంటే... పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా కంపెనీ మానిటరింగ్ సర్వర్ వైట్‌ఫీల్డ్‌లోని డేటా సెంటర్‌లో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 7, మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ జాబిక్స్ 5.0, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. దాదాపు 1,500 హోస్టులు (గమనించే మెషీన్లు), 1,80,000 ఐటమ్‌లు (వాటి నుంచి తీసుకునే కొలతలు). చిత్తూరు, అనంతపురం, కర్నూలు బ్రాంచీల్లో అక్కడి డేటాను సేకరించి సర్వర్‌కు పంపే ప్రాక్సీలున్నాయి. డేటాబేస్ 700 జీబీ దాటింది. రాకీ లైనక్స్ 9, జాబిక్స్ 7.0కి మార్చమంటున్నారు. ఉన్న సర్వర్‌నే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చా? ఒక్క రాత్రిలో పనవుతుందా?
– ఒక సిస్టమ్ అడ్మిన్, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: పాత సర్వర్ జోలికి వెళ్లకండి. సెంటోస్ 7కి అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. అక్కడి నుంచి రాకీ 9కి నేరుగా దారి లేదు, ఎలివేట్ లాంటి సాధనం వాడినా 8 మీదుగానే వెళ్లాలి. మధ్యలో ఏదైనా బెడిసికొడితే తప్పు ఓఎస్‌దో, డేటాబేస్‌దో, జాబిక్స్‌దో తేలదు. పక్కనే కొత్త వీఎం (వర్చువల్ మెషీన్) కట్టి దాంట్లోకి డేటా తెచ్చుకోండి. పాతది చెక్కుచెదరకుండా ఉంటే వెనక్కి వెళ్లడానికి ఐదు నిమిషాలు చాలు. 5.0 నుంచి 7.0కి మధ్య వెర్షన్లేవీ అక్కర్లేదు. పాత డేటాబేస్ కాపీ మీద 7.0 సర్వర్‌ను స్టార్ట్ చేస్తే టేబుళ్లను తనే మార్చుకుంటుంది.

వీఎం కట్టేటప్పుడే ఒకటి చూసుకోండి. రాకీ 9కి కనీసం ఎక్స్86-64-వీ2 స్థాయి సీపీయూ ఉండాలి. వీఎంలను నడిపే హైపర్‌వైజర్‌లో సీపీయూ టైపు పాత కేవీఎం64 లాంటిదైతే ఇన్‌స్టాలరే బూట్ కాదు. ‘హోస్ట్’ టైపు పెడితే సరిపోతుంది.

ఇక డిస్క్ లెక్క. 1,80,000 ఐటమ్‌లు నిమిషానికోసారి వస్తే సెకనుకు 3,000 విలువలు. ఒక్కోటి సుమారు 90 బైట్లు అనుకుంటే 30 రోజుల హిస్టరీకి (వచ్చిన ప్రతి విలువ) 700 జీబీ, ఏడాది ట్రెండ్స్‌కి (గంటవారీ సారాంశాలు) ఇంకో 142 జీబీ. ఇండెక్సులకు, లోడింగ్‌కు చోటు కావాలి కాబట్టి 1.5 టీబీకి తగ్గకండి. దానికంటే ముందు ఐటమ్‌లకే కత్తెర వేయండి. డిస్క్ మొత్తం సైజును, సీరియల్ నంబర్‌ను నిమిషానికోసారి అడగాల్సిన పని లేదు, రోజుకోసారి చాలు. ఈ ఏరివేతను పాత సర్వర్ మీదే, మార్పిడికి కనీసం నెల ముందే చేయండి. ఆ రాత్రి మోయాల్సిన బరువు అప్పటికి బాగా తగ్గుతుంది.

700 జీబీని ఒకే డంప్‌గా (డేటాబేస్‌ను ఫైలుగా తీసిన కాపీ) తేవాలనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. బరువంతా ఏడు టేబుళ్లలోనే ఉంటుంది: హిస్టరీవి ఐదు (దశాంశాలు, పూర్ణాంకాలు, స్ట్రింగ్, టెక్స్ట్, లాగ్), ట్రెండ్స్‌వి రెండు. వీటికి ఖాళీ నిర్మాణం మాత్రం తీసుకుని, మిగతా టేబుళ్లను డేటాతో సహా డంప్ చేయండి. ఆ రెండో భాగం సాధారణంగా చిన్నది. దాన్ని మైఎస్‌క్యూఎల్ 8.0లో లోడ్ చేసి 7.0ను స్టార్ట్ చేయండి. మైఎస్‌క్యూఎల్ బైనరీ లాగ్ (మార్పుల చిట్టా) ఆన్‌లో ఉంటే ‘లాగ్ బిన్ ట్రస్ట్ ఫంక్షన్ క్రియేటర్స్’ సెట్టింగ్‌ను ముందుగా 1 చేయాలి. లేకపోతే డేటాబేస్ ట్రిగ్గర్లు సృష్టించే చోట అప్‌గ్రేడ్ ఆగిపోతుంది. పనయ్యాక మళ్లీ 0 చేయండి. లాగ్‌లో 100 శాతం పూర్తయిందన్న వరుస కనిపించేదాకా ప్రాసెస్‌ను చంపకండి. సగంలో ఆగిందంటే ఆ కాపీని పారేసి డంప్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

6.0 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో హిస్టరీ టేబుళ్లకు ప్రైమరీ కీ (ఒకే వరుస రెండుసార్లు చేరకుండా చూసేది) ఉంటుంది, అప్‌గ్రేడ్ చేసినవాటికి దానంతట అది రాదు. టేబుళ్లు ఖాళీగా ఉండగానే జాబిక్స్ ఇచ్చే ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్ నడిపేస్తే పని చిటికెలో అయిపోతుంది. నిండిన టేబుళ్ల మీద అదే పనికి గంటలు పడుతుంది. ఆ తర్వాత పాత హిస్టరీని ‘ఇన్సర్ట్ ఇగ్నోర్’తో ఎక్కించండి, పాత టేబుళ్లలో నకిలీ వరుసలున్నా లోడ్ ఆగదు. ముందు చివరి వారం రోజులది ఎక్కించండి. గంట సగటు, రోజు సగటు చూసే జాబిక్స్ ట్రిగ్గర్లకు (అలర్ట్ ఎప్పుడివ్వాలో తేల్చే షరతులకు) అదే ఆధారం. మిగతాది రెండు మూడు రోజులు నింపాదిగా వచ్చినా నష్టం లేదు.

కాబట్టి ఒక్క రాత్రిలో అవుతుంది, కాకపోతే ముందే ఒకసారి రిహార్సల్ చేసి ప్రతి దశకు ఎంతసేపు పట్టిందో రాసుకున్నాకే. రిహార్సల్‌లో కాపీని స్టార్ట్ చేసేముందు యాక్షన్లు (ట్రిగ్గర్ పడితే జరగాల్సిన పనులు), మీడియా టైపులు (మెయిల్ లాంటి అలర్ట్ పంపే మార్గాలు) రెండింటి స్టేటస్‌నూ డేటాబేస్‌లోనే 1 చేయండి, అంటే డిసేబుల్. ఇది మరిచిపోతే అర్ధరాత్రి ఒక్కో అలర్ట్ రెండేసి సార్లు వెళుతుంది. మెయిల్ వరకైతే సర్దుకోవచ్చు. సర్వీసును రీస్టార్ట్ చేసే రిమోట్ కమాండ్ రెండు సర్వర్ల నుంచీ వెళ్తే మాత్రం నిజమైన నష్టం జరుగుతుంది.

అసలు రాత్రి ఏజెంట్ల (ప్రతి మెషీన్‌లో ఉండి డేటా ఇచ్చే ప్రోగ్రాముల) సంగతి ముఖ్యం. పాత ఏజెంట్లు 7.0తో పనిచేస్తాయి, వాటిని అప్పుడే మార్చనక్కర్లేదు. కానీ ప్రతి ఏజెంట్ కాన్ఫిగ్‌లోనూ సర్వర్ ఐపీ రాసి ఉంటుంది. 1,500 మెషీన్లలో అది దిద్దే బదులు పాత సర్వర్‌ను వేరే ఐపీకి జరిపి, దాని ఐపీని కొత్తదానికి ఇచ్చేయండి. 10050, 10051 పోర్టుల ఫైర్‌వాల్ రూల్స్ కూడా అలాగే చెల్లుతాయి.

ప్రాక్సీలకు ఈ వెసులుబాటు లేదు. 5.0 ప్రాక్సీ 7.0 సర్వర్‌తో పనిచేయదు. మూడు బ్రాంచీల్లోనూ చిన్న వీఎంలు ముందే కట్టి, అదే ప్రాక్సీ పేరు, అదే పీఎస్‌కే (సర్వర్‌తో పంచుకున్న రహస్య కీ) ఫైలుతో 7.0 ప్రాక్సీని సిద్ధంగా ఉంచండి, సర్వీస్ మాత్రం ఆపి. ఆ రాత్రి పాత ప్రాక్సీలు తమ దగ్గరున్న డేటానంతా పంపేశాకే వాటిని ఆపండి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడే ప్రాక్సీలో మిగిలిపోయిన డేటా కొత్తదానికి రాదు. నెలాఖరు, జీతాల రోజులు వదిలి శనివారం రాత్రి పెట్టుకోండి. బ్రాంచీల లాగిన్లు శుక్రవారమే సరిచూసుకోండి.

ప్రశ్న: కొత్త సర్వర్‌కు మారాక కొన్ని స్విచ్‌ల డేటా రావడం లేదు. ఎక్స్‌టర్నల్ స్క్రిప్టులు కూడా సగం ఆగిపోయాయి.
– ఎలక్ట్రానిక్ సిటీ నుంచి

జవాబు: ఇది జాబిక్స్ తప్పు కాదు, ఓఎస్ మారడం వల్ల వచ్చింది. రాకీ 9లో పైథాన్ 2 లేదు. స్క్రిప్ట్ మొదటి వరుస చూడండి, పైథాన్ 3కి తిరగరాయక తప్పదు. స్విచ్‌లకు ఎస్‌ఎన్‌ఎంపీ వీ3లో (వాటి నుంచి డేటా తెచ్చే ప్రోటోకాల్) పాత డెస్ ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే, కొత్త నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ప్యాకేజీల్లో దాన్ని తీసేసి ఉండవచ్చు. కొత్త సర్వర్ నుంచే ఎస్‌ఎన్‌ఎంపీగెట్ నడిపి చూడండి, స్విచ్‌లో ఏఈఎస్‌కు మార్చండి. ఎస్‌ఎస్‌హెచ్ చెక్‌లు ఆగితే కారణం ఎస్‌హెచ్‌ఏ-1 సంతకాలు, 9లో అవి డిఫాల్ట్‌గా చెల్లవు. వాటికోసం సర్వర్ మొత్తాన్ని పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతులను అనుమతించే ‘లెగసీ’ పాలసీకి దించకండి. పాత స్విచ్‌లను ఒకే ప్రాక్సీ కిందకు చేర్చి, సడలింపు ఆ ఒక్కదానికే ఇవ్వండి. ఫైల్ పర్మిషన్లు సరిగ్గా ఉన్నా స్క్రిప్ట్ నడవకపోతే ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్ భద్రతా వ్యవస్థ) ఆడిట్ లాగ్ చూడండి. దాన్ని ఆపేయడం పరిష్కారం కాదు.

ప్రశ్న: మాది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. డేటా డైరెక్టరీని ఆర్‌సింక్‌తో కాపీ చేసుకుంటే త్వరగా అవుతుంది కదా?
– కోరమంగల నుంచి

జవాబు: వద్దు. సెంటోస్ 7లో జీలిబ్‌సీ (లైనక్స్ మూల లైబ్రరీ) 2.17, రాకీ 9లో 2.34. మధ్యలో 2.28లో అక్షరాల వరుసక్రమం మారింది. ఫైళ్లు అలాగే తెస్తే టెక్స్ట్ ఇండెక్సులు చప్పుడు లేకుండా తప్పుతాయి: ఉన్న వరుస దొరకదు, రెండుసార్లు ఎక్కకూడనిది ఎక్కుతుంది. స్ట్రీమింగ్ రెప్లికేషన్‌తోనూ ఇదే ప్రమాదం. పీజీడంప్‌తోనే తీసుకెళ్లండి. ఇప్పటికే కాపీ చేసేసి ఉంటే సర్వీస్ ఆపి డేటాబేస్ మొత్తానికి రీఇండెక్స్ నడపండి.

ప్రశ్న: రోజూ రిపోర్ట్ తీసే మా ఏపీఐ స్క్రిప్ట్ 7.0లో లాగిన్ దగ్గరే ఆగుతోంది.
– మారతహళ్లి నుంచే మరొకరు

జవాబు: లాగిన్‌లో ‘యూజర్’ అన్న పారామీటర్ ఇప్పుడు ‘యూజర్‌నేమ్’. అది దిద్దాక అప్లికేషన్లను (జాబిక్స్‌లో ఐటమ్‌ల గుంపులను) అడిగే చోట ఆగుతుంది. 5.4లోనే వాటిని తీసేసి ట్యాగులు పెట్టారు. ట్రిగ్గర్ ఎక్స్‌ప్రెషన్ల రాత కూడా అప్పుడే మారింది. డేటాబేస్‌లో ఉన్నవి వాటంతటవే మారతాయి, మీ స్క్రిప్ట్‌లో రాసినవి మీరే మార్చుకోవాలి. ఎలాగూ తెరిచారు కనుక, పాస్‌వర్డ్ తీసేసి ఏపీఐ టోకెన్ పెట్టి, దాన్ని ఆథరైజేషన్ హెడర్‌లో పంపండి. టోకెన్‌ను అభ్యర్థన లోపలే పెట్టే పాత ‘ఆథ్’ పద్ధతిని 7.2లో పూర్తిగా తొలగించారు.