పుస్తకాల మీద పుస్తకాలు ఎందుకు చదువుతానంటే

"పుస్తకాల గురించి, పుస్తకాల షాపుల గురించి రాసిన పుస్తకాలు చదవడంలో మజా ఏముంది? ఆ టైములో అసలు పుస్తకమే చదువుకోవచ్చు కదా?" అని ఒకరు అడిగారు. భోజనం మానేసి వంటల పుస్తకం చదివినట్టుంటుందని కూడా అన్నారు. నవ్వొచ్చింది. నా విషయంలో మాత్రం ఆ పోలిక కుదరదు. నేను ఆ వంటింట్లో కొన్నాళ్లు అంట్లు తోమినవాణ్ణి.

1986లో డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక తెనాలిలో గోళ్లు గిల్లుకుంటున్న రోజుల్లో, మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో 14 నెలలు కూర్చున్నాను. జీతం నెలకు 150. పుస్తకాలు మాత్రం ఎన్నయినా ఉచితం. ఓనరు రిటైరైన ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఊరంతా "షాపు మాస్టారు" అనేవాళ్లు. డిపాజిట్ 10 రూపాయలు, రోజుకు పావలా అద్దె. కొత్తగా వచ్చిన యండమూరి నవలైతే అర్ధరూపాయి, అదీ రెండు రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యాలి.

పుస్తకాలు ఇవ్వడం, పుచ్చుకోవడం కన్నా వాటికి వైద్యం చెయ్యడమే అక్కడ పెద్ద పని. వారపత్రికల్లోంచి సీరియళ్లు చించి, వారాల వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి బైండు చేసేవాళ్లం. మైదా ఉడికించి జిగురు చేసేటప్పుడు అందులో చిటికెడు మైలుతుత్తం పడాలి, లేకపోతే పురుగు పడుతుంది. సీరియల్ పేజీ వెనక సగం తెగిన జోకో, తలనూనె ప్రకటనో ఉండేది. జోకు రెండో సగం కోసం మిగతా పత్రికంతా వెతికిన రోజులున్నాయి.

పిల్లలొచ్చి "అమ్మ చదవనిది ఇమ్మందండీ" అనేవాళ్లు. చదవనిది ఏదో మాకెలా తెలుస్తుంది? తెలిసేది. ఇరవై ఒకటో పేజీ అడుగున ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉండేది. ఒకరిది చుక్క, ఒకరిది ఇంటూ మార్కు, ఎదురింటి కరణం గారి కోడలిది బుల్లి తామరపువ్వు. ఆ పేజీ తిప్పితే ఆ పుస్తకం వీధిలో ఎవరెవరి ఇళ్లకు వెళ్లొచ్చిందో తెలిసిపోయేది.

ఒక సస్పెన్స్ నవలకు చివరి రెండు పేజీలు ఊడిపోయాయి. మాస్టారు రూళ్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ ముగింపు రాసి అంటించారు. "గుర్తుందిరా అబ్బాయ్, రెండుసార్లు చదివాను" అన్నారు. ఆ కాగితాలతోనే ఆ నవల ఇంకో యాభై అద్దెలు తిరిగింది.

తర్వాత ఉద్యోగం, హైదరాబాదు. ఆదివారాలు ఆబిడ్స్‌లో షాపులు మూసేస్తారు కదా, షట్టర్ల ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఓ ఆదివారం ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ వ్యాసాల సంపుటి దొరికింది. అందులో 1936లో రాసిన "బుక్‌షాప్ మెమొరీస్" అనే చిన్న వ్యాసం ఒకటుంది. 1934, 35ల్లో ఆయన లండన్ హాంప్‌స్టెడ్‌లో ఓ పాత పుస్తకాల షాపులో పూటపనికి కుదిరాడు. ఆ అనుభవాలే వ్యాసం. నాలుగైదు పేజీలకు మించదు. పేవ్‌మెంటు మీద నిలబడే చదివేశాను, ఇంటికొచ్చి ఇంకోసారి చదివాను.

ఆ షాపుకీ మా షాపుకీ యాభై ఏళ్ల దూరం, ఏడు సముద్రాల దూరం. అయినా వచ్చే మనుషులు వాళ్లే! ఆర్వెల్ షాపుకి ఓ ముసలావిడ వస్తుంది. 1897లో మంచి పుస్తకం చదివింది, అది కావాలి. పేరు గుర్తు లేదు, రాసిందెవరో గుర్తు లేదు, కథేమిటో కూడా గుర్తు లేదు. అట్ట ఎర్రగా ఉంటుందని మాత్రం చెబుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు "హీరోకి పెద్ద కారుంటుంది చూడండి, ఆ నవల" అనేవాళ్లు. యద్దనపూడి నవలల్లో కారు లేని హీరోని వెతకడమే కష్టం, ఏదని తీసివ్వాలి?

ఆర్వెల్ షాపులో అద్దె లైబ్రరీ కూడా ఉండేది. డిపాజిట్ లేదు, రెండు పెన్నీల అద్దె, ఐదారు వందల పుస్తకాలు, అన్నీ కథలూ నవలలే. ఒకాయన వారానికి నాలుగైదు డిటెక్టివ్ నవలల చొప్పున ఏడాదికి పైగా చదివాడట, చదివింది మళ్లీ తీసుకోకుండా. మా దగ్గర ఓ రైల్వే గేట్‌మన్ ఉండేవాడు. మధుబాబు షాడో నవలలు అన్నీ అయిపోయాక నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మా తప్పే అన్నట్టు.

ఇంకో రకం మనుషులున్నారు. అరుదైన పుస్తకాలు ఆర్డరిచ్చి, పక్కన పెట్టమని చెప్పి, మళ్లీ కనబడరు. డబ్బు ఖర్చు పెడుతున్న భ్రమ ఒక్కటే వాళ్లకి చాలని ఆర్వెల్ గ్రహించాడు. మాస్టారు గ్రహించలేదు, పాపం. ఎవరో అడిగారని ఆంధ్ర మహాభారతం పర్వాలన్నీ తెప్పించి అటక మీద పెట్టుకున్నారు.

ఆర్వెల్ షాపులో చలికాలం వేడి పెట్టకూడదట, అద్దాలకు ఆవిరి పడితే లోపలి పుస్తకాలు వీధిలోకి కనబడవు కాబట్టి. చచ్చిన ఈగలన్నీ పుస్తకాల పైఅంచు మీదే దొరుకుతాయట. ఈ ముక్క చదివినప్పుడు నాకు మా రేకుల షెడ్డూ, వేసవి మధ్యాహ్నాలూ ముక్కుపుటాల దాకా వచ్చాయి. చివర్లో ఆయన దాచకుండా ఒప్పుకుంటాడు: అక్కడ పని చేసి పుస్తకాల మీద ప్రేమ పోగొట్టుకున్నానని. నాకూ అంతే అయింది. షాపు మానేశాక ఏడాది పాటు నవల ముట్టుకోలేదు. ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడ్డాను, ఆయన పడలేదు.

నేను వెతుక్కునేది ఇలాంటి పుస్తకాలే. పుస్తకం హస్తభూషణం అంటూ మొదలెట్టేవి నాకు పడవు. దుమ్ము, బాకీలు, పార్సిళ్లు, చిల్లర లేకపోవడం ఉండాలి.

పార్సిళ్లంటే హెలీన్ హాన్ఫ్ "84, ఛేరింగ్ క్రాస్ రోడ్" గురించి చెప్పాలి. పల్చటి పుస్తకం, అన్నీ నిజం ఉత్తరాలు. న్యూయార్కులో చేతిలో డబ్బాడని రచయిత్రి ఈ హాన్ఫ్, లండన్‌లో మార్క్స్ అండ్ కో అనే పాత పుస్తకాల షాపుకు 1949 అక్టోబరులో ఓ జాబితా పంపింది. శుభ్రంగా ఉండాలి, ఒక్కోటీ 5 డాలర్లు దాటకూడదు. అలా మొదలైన ఉత్తరాలు దాదాపు ఇరవై ఏళ్లు నడిచాయి.

యుద్ధం అయిపోయి నాలుగేళ్లయినా అప్పటికింకా ఇంగ్లండులో మాంసం, గుడ్లు రేషనే. అది తెలిసి ఆవిడ క్రిస్మస్‌కు షాపు వాళ్లందరికీ ఆరు పౌన్ల పంది మాంసం పార్సిల్ పంపింది. పంపాక గుండె గుభేల్‌మంది. ఓనర్ల పేర్లు మార్క్స్, కోహెన్. యూదులైతే? పంది మాంసం తినకపోతే? శాకాహారుల ఇంటికి చేపల పచ్చడి పంపినవాళ్లకు ఈ కంగారు బాగా తెలుస్తుంది. షాపు వాళ్లు పక్కింటి పెద్దావిడ చేత్తో కుట్టిన లినెన్ టేబుల్ క్లాత్ బదులు పంపారు. ఇలా గుడ్లు, టిన్ను మాంసం, పాత పుస్తకాలు అట్లాంటిక్ దాటుతూ ఉంటాయి. అందులో కథంటూ ఇంతకన్నా ఏమీ లేదు. అయినా ఒక్క కూర్చోడంలో అయిపోతుంది.

తెలుగువాళ్లకి అందులో ఇంకో రుచి ఉంది. షాపు తరఫున రాసే ఫ్రాంక్ డోయెల్ మొదట్లో "డియర్ మేడమ్" అంటాడు, తర్వాత మిస్ హాన్ఫ్ అంటాడు, "హెలీన్" అని పేరు పెట్టి పిలవడానికి ఏళ్లు పడుతుంది. ఆవిడ మొదటి నుంచీ ఆటపట్టిస్తూ, కసురుతూ రాస్తుంది. ఇంగ్లీషులో ఇద్దరికీ "యూ" ఒక్కటే. చదువుతున్నంతసేపూ నా మనసు దాన్ని తెలుగు చేసుకుంటూనే ఉంది: ఎక్కడ "మీరు" పోయి "నువ్వు" వచ్చింది? ఆవిడ కొద్ది ఉత్తరాలకే "ఏమయ్యా ఫ్రాంకూ" అనేస్తుంది. ఆయన ఆఖరి దాకా "హెలీన్ గారూ" అనే ఉంటాడని నా లెక్క.

లండన్ రావాలని ఆవిడకెంతో ఉంది. ఓసారి దాచుకున్న డబ్బంతా పళ్ల డాక్టరుకు పోయింది. 1968 డిసెంబరులో ఫ్రాంక్ చనిపోయాడు, ఒక్కసారి కూడా కలవలేదు. 1970లో ఈ పుస్తకం వచ్చింది. ఆ పేరు మీదే 1971లో లండన్ వెళ్తే షాపు అప్పటికే మూతపడింది. 1987లో సినిమాగా తీశారు. ముందు పుస్తకం చదవండి, ఆ ఉత్తరాల మధ్య నెలల తరబడి ఉండే ఖాళీలు కాగితం మీదే బాగుంటాయి.

షాన్ బైథెల్ డైరీ "ది డైరీ ఆఫ్ ఎ బుక్‌సెల్లర్" మూడోది. స్కాట్లండ్‌లో విగ్‌టౌన్ అని పాత పుస్తకాల షాపులకు పేరుపడ్డ చిన్న ఊరుంది. 2001లో అక్కడ ఓ షాపు కొనుక్కుని, 2014లో ఏడాది పాటు రోజూ డైరీ రాశాడు. ప్రతి రోజూ మొదట ఆన్‌లైన్ ఆర్డర్లు ఎన్ని, వాటిలో వెతికితే దొరికినవి ఎన్ని అని ఉంటుంది. చివర గల్లాపెట్టెలో ఎంత పడింది, ఎంతమంది కొన్నారు. చాలామంది ఆ అంకెలు దాటేసి చదువుతారు. నేను ముందు అవే చూస్తాను. బేరం లేని రోజు మాస్టారు గల్లా మూసే చప్పుడు వేరేగా ఉండేది. ప్రతి నెలకూ ముందు ఆర్వెల్ వ్యాసంలోంచే ఓ ముక్క పెట్టాడు బైథెల్, కాబట్టి ముందు ఆ వ్యాసం చదివి వెళ్లండి. మనిషి నోటికి మాత్రం దడి లేదు. తెర మీద పుస్తకాలు చదివే కిండిల్‌ను తుపాకితో కాల్చి, షాపు గోడకు తగిలించాడు.

ఈ మధ్య అట్ట మీద పిల్లి, వెనక దీపాల వెలుతురు, లోపల ప్రతివాడి దుఃఖమూ ఒక కప్పు టీతో తీరిపోయే పుస్తకాల షాపు నవలలు గుట్టలుగా వస్తున్నాయి. రెండు చదివాను, చాలనిపించింది. వాటిలో ఎవ్వరూ బైండు చెయ్యరు. కరెంటు బిల్లు కూడా రాదు.

మీరు మొదలెట్టాలంటే ఆర్వెల్ వ్యాసం చాలు, పావుగంట పని. మన అద్దె షాపుల మీద అలాంటి డైరీ ఒక్కటి తెలుగులో రావాలని నా కోరిక. ఎవరి ఇంట్లోనైనా పాత అద్దె రిజిస్టరు ఉంటే పాత కాగితాల వాడికి వెయ్యకండి.

అన్నట్టు, ఆ సస్పెన్స్ నవల. పోయినేడాది అదే ఆబిడ్స్‌లో మంచి ప్రతి కనబడింది, చివరి పేజీలతో సహా. నిలబడే తిరగేశాను. హంతకుడు మాస్టారు రాసినవాడే. కానీ అచ్చులో హీరోయిన్ ఒంటరిగా రైలెక్కి వెళ్లిపోతుంది. మాస్టారి కాగితాల్లో ఇద్దరికీ అన్నవరంలో పెళ్లయింది, కొండ కింద భోజనాలతో సహా. ముప్పై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. చివరి రెండు పేజీలు మాత్రం మాస్టారివే బాగున్నాయి.