టీకాల వల్లే కొత్త వేరియంట్లు పుట్టాయా?

ప్రశ్న: టీకాలు మొదలయ్యాకే వాటిని తప్పించుకోవడానికి కరోనా వైరస్ రూపం మార్చుకుందంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. బీటా, ఆల్ఫా, డెల్టా మూడూ 2020లో సేకరించిన నమూనాల్లోనే ఉన్నాయి. పెద్దఎత్తున టీకాలు మొదలైంది ఆ ఏడాది డిసెంబరులో. అసలు వైరస్‌కు ఉద్దేశమంటూ ఉండదు. దాని జన్యుపదార్థం దాదాపు 30 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు. మన కణంలో దూరాక దానికి లెక్కలేనన్ని నకళ్లు తయారవుతాయి. అలా నకలు తీసేటప్పుడు అక్కడక్కడ అక్షరం తప్పు పడుతుంది. అదే మ్యుటేషన్. కరోనా వైరస్‌లకు తప్పులు దిద్దే ఎంజైమ్ ఉంది కాబట్టి ఫ్లూ వైరస్ కంటే నెమ్మదిగా మారతాయి. అయినా కొన్ని తప్పులు జారిపోతాయి.

ప్రతి తప్పుకీ ఫలితం ఉండదు. మూడేసి అక్షరాలు ఒక్కో అమైనో ఆమ్లాన్ని, అంటే ప్రొటీన్ అనే దండలో ఒక్కో పూసను సూచిస్తాయి. ఉదాహరణకు జీఏయూ అనే మూడక్షరాల్లో చివరిది సీగా మారినా వచ్చేది ఆస్పార్టిక్ ఆమ్లమే. నడిమి ఏ బదులు జీ పడితే మాత్రం గ్లైసిన్ వస్తుంది. వైరస్ పైన ముల్లులా ఉండి మన కణానికి అతుక్కునే స్పైక్ ప్రొటీన్ 614వ స్థానంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ ఒక్క అక్షరంతో వైరస్ మరింత తేలిగ్గా వ్యాపించింది, 2020 మధ్యకల్లా ఎక్కడ చూసినా అదే రకం. ఇక వైరస్‌కే చేటు చేసే తప్పులున్న నకళ్లు అక్కడితో అంతరిస్తాయి.

కొన్ని మార్పులు కలిసి ఒకే వంశంలో నిలిచి, ఆ వంశం మనుషుల్లో పాకితేనే దాన్ని వేరియంట్‌గా లెక్కేస్తారు. యాంటీబాడీలు తప్పును పుట్టించవు. వాటికి చిక్కని నకలు ఉంటే దానికి దారి దొరుకుతుంది, అంతే. ఆ యాంటీబాడీలు టీకాతో వచ్చినా, జబ్బుపడి లేచాక వచ్చినా ఒకటే. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో వైరస్ నెలల తరబడి ఉండిపోతుంది. అరకొరగా ఉన్న యాంటీబాడీల మధ్య మార్పులు ఒకదానిపై ఒకటి పోగుపడతాయి. ఒమిక్రాన్ స్పైక్‌లో 30కి పైగా మార్పులు ఒక్కసారిగా కనిపించడానికి ఇదొక బలమైన వివరణ. అలాంటివారిని కాపాడుకోవడం, వ్యాప్తిని తగ్గించడం రెండూ ముఖ్యమే. నకళ్లు తగ్గితే తప్పులూ తగ్గుతాయి.

ప్రశ్న: వేరియంట్ మారితే పీసీఆర్ పరీక్షకు దొరకదా?

జవాబు: చాలా కిట్లు రెండు మూడు జన్యువులను వెతుకుతాయి, కాబట్టి ఒకటి తప్పినా మిగతావి పట్టిస్తాయి. ఆల్ఫా స్పైక్‌లో 69, 70 స్థానాలు ఎగిరిపోవడంతో కొన్ని కిట్లలో ఎస్ (స్పైక్) జన్యువు మాత్రం పలకలేదు. ల్యాబులు దాన్నే ఆనవాలుగా వాడుకున్నాయి. అయితే నమూనాలో వైరస్ తక్కువగా ఉన్నా ఎస్ పలక్కపోవచ్చు. పరీక్షలో వైరస్ ఎన్నో చక్రానికి బయటపడిందో చెప్పేది సీటీ విలువ; అది ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ. మిగతా జన్యువుల సీటీ విలువ 30లోపు ఉన్నప్పుడే ఆ ఆనవాలును నమ్మాలి. ఖాయం చేసేది జన్యుక్రమ విశ్లేషణే.