మంచుకొండల కోళ్లకు ఏ వాలు ఇష్టం?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: హిమాలయ మోనాల్ అనే కొండకోడి 2,100 నుంచి 4,500 మీటర్ల ఎత్తులో ఉంటుందని చదివాను. అంటే ఆ ఎత్తున ఏ కొండ ఎక్కినా కనిపిస్తుందా?

జవాబు: కనిపించదండీ. అది ఏడాది మొత్తానికీ, హిమాలయాల పొడవునా కలిపి వేసిన హద్దు. వేసవిలో మోనాల్ చెట్లు ఆగిపోయే గీత దాటి పై గడ్డివాలులకు చేరుతుంది, మంచు ముదిరాక అడవిలోకి దిగుతుంది. ఒకే కొండకు ఈ పక్కన ఉండి, ఆ పక్కన అసలు లేకపోవచ్చు.

కారణం దాని తిండి. బలమైన వంకర ముక్కుతో నేల తవ్వి దుంపలు, వేర్లు, పురుగులు తింటుంది. మంచు పలచగా ఉంటే దాన్నీ తవ్వుకుంటూ మట్టి దాకా పోగలదు. మట్టి గట్టిగా గడ్డకట్టిన చోట మాత్రం దానికి కడుపు నిండదు. కాబట్టి ఎత్తు కంటే ముందు నేల తవ్వకానికి లొంగుతుందా, వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఆపద వస్తే తప్పుకునే దారి ఎటు అన్నవి చూడండి. పక్షి కనబడకపోయినా గడ్డిలో విడివిడిగా చిన్న గుంతలు, అంచున తాజా గుల్లమన్ను, దగ్గర్లో రెట్టలు ఉంటే అది మేసిన చోటేనని అనుకోవచ్చు. అడవిపంది తవ్వితే నేల బారుగా దున్నినట్టు ఉంటుంది, ఆ రెండింటినీ కలిపేయకండి.

ప్రశ్న: హిమాలయన్ స్నోకాక్ రెండు మూడు కిలోలు తూగే పక్షి. దాక్కోవడానికి పొద కూడా లేని బోడి వాలు మీద ఎందుకుంటుంది?

జవాబు: దానికి పొద రక్షణ కాదు, అడ్డం. ఈ పక్షి పైకి నడుస్తుంది, కిందికి ఎగురుతుంది. గడ్డి, చిగుళ్లు, దుంపలు తింటూ వాలుకు ఎదురుగా మెల్లగా ఎక్కుతుంది. గోల్డెన్ ఈగిల్ అనే పెద్ద గద్ద నీడ పడితే వాలు అంచు నుంచి గాల్లోకి దూకి, రెక్కలు చాచి లోయ మీదుగా జారిపోతుంది. తర్వాత మళ్లీ నడుస్తూ పైకి రావడమే. అంత బరువుతో చదును నేల మీంచి లేవడం కష్టం, నిటారు వాలైతే ఒక్క దూకుతో గాలి దొరుకుతుంది. అందుకే రాతిగుట్టలు, వాటి మధ్య గడ్డి పట్టీలు, కింద లోతైన లోయ కలిసిన చోటే దానికి ఇల్లు. వేసవిలో 4,000 నుంచి 5,000 మీటర్ల మధ్య ఉంటుంది, చలికాలంలో కొన్నిచోట్ల 2,400 మీటర్ల దాకా దిగుతుంది. అప్పుడు ఎండ తగిలి మంచు త్వరగా కరిగే దక్షిణపు వాలులే దానికి ఆధారం.

ఈ పక్షి ఎంపికలో నేల ఆకారం ఎంత ముఖ్యమో అమెరికాలోని నెవాడా చూపించింది. కారకోరం కొండల్లోని హుంజా ప్రాంతం నుంచి తెచ్చిన స్నోకాక్‌లను 1963 నుంచి అక్కడ వేటపక్షిగా వదిలారు. ఎత్తయిన రాతి శిఖరాలూ గడ్డివాలులూ కలిసిన రూబీ పర్వతాల్లో, పక్కనున్న ఈస్ట్ హంబోల్ట్ శ్రేణిలో అవి నిలదొక్కుకున్నాయి.

ప్రశ్న: ట్రాగోపాన్, చీర్ ఫెజెంట్ అనే కొండకోళ్లు కూడా ఇలాంటి చోట్లే ఉంటాయా?

జవాబు: లేదండీ, మూడూ మూడు దారులు. వెస్టర్న్ ట్రాగోపాన్‌కు చిక్కటి అడవి, కింద రింగాల్ వెదురు, పొదలు కావాలి. వేసవిలో 2,400 నుంచి 3,600 మీటర్ల మధ్య తిరుగుతుంది, గూడు తరచూ చెట్టు మీదే. చీర్ అంతకంటే కింద, రాతికొమ్ముల నడుమ పొడుగు గడ్డి, చిన్న పొదలు ఉన్న నిటారు వాలుల్లో ఉంటుంది. గడ్డి కోయడం, మేపడం పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్ముకుని దాని చోటు పోతుంది. అలాగని ఏప్రిల్ నుంచి జూన్ దాకా నిప్పు పెడితే నేల మీది గుడ్లు కాలిపోతాయి. ఈ ఒక్క పక్షి విషయంలో ‘మనిషి చెయ్యి పడకూడదు’ అన్న సూత్రం సరిపోదు. కోత ఎప్పుడు, ఎంత మేర అన్నదే తేల్చుకోవలసిన సంగతి.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఈ పక్షులు ఎలాంటి చోటు ఎంచుకుంటాయో కొలవాలి. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. తర్వాత ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: పక్షి దొరికిన చోట్లను మాత్రమే కొలిస్తే అది ఎక్కడ ఉందో చెప్పగలరు, ఎంచుకుందని చెప్పలేరు. దానికి అందుబాటులో ఉన్న మిగతా నేలనూ అదే పద్ధతిలో కొలిచి పోల్చాలి.

కోక్లాస్ (అడవిలో ఉండే మరో ఫెజెంట్), ట్రాగోపాన్‌లకు ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ఒకచోట నిలబడి ప్రతి కూత ఏ దిక్కు నుంచి వచ్చిందో దిక్సూచితో రాసుకోండి. మోనాల్‌కు కాలిబాట వెంట నడుస్తూ లెక్కించడం మేలు. ప్రతి చోటా జీపీఎస్ గుర్తు, క్లైనోమీటర్‌తో వాలు, వాలు తిరిగిన దిక్కు డిగ్రీల్లో రాయండి. 10 మీటర్ల వ్యాసార్ధంలో చెట్లు, 3 మీటర్లలో పొదలు, చదరపు మీటరులో గడ్డి, మట్టి, రాయి ఎంతెంత శాతమో, రాతికొమ్ము ఎంత దూరమో కూడా కావాలి. పక్షి లేచి ఎగిరితే, వాలిన చోటు కాదు, మొదట కనబడిన చోటు కొలవండి. పన్నెండు పక్షుల గుంపు ఒక్క నమోదే.

ఇక ఎక్కువమంది తడబడేది దిక్కు సగటు దగ్గర. 350, 10 డిగ్రీలు రెండూ ఉత్తరమే. మామూలు సగటు తీస్తే 180 వస్తుంది, అంటే నేరుగా దక్షిణం! డిగ్రీలను కొసైన్‌గా మార్చండి: +1కి దగ్గరైతే ఉత్తరం, –1కి దగ్గరైతే దక్షిణం. తూర్పు పడమరలకు సైన్ వాడాలి.

రెండో చిక్కు పటం. 45 డిగ్రీల వాలు అసలు విస్తీర్ణం పటంలో కనబడే దానికి 1.41 రెట్లు, 60 డిగ్రీలైతే రెండు రెట్లు. పటం మీద యాదృచ్ఛిక బిందువులు వేస్తే నిటారు నేల తక్కువగా లెక్కకొస్తుంది, స్నోకాక్ లాంటి పక్షి దాన్ని నిజంగా ఎంచుకున్నదానికంటే ఎక్కువగా ఎంచుకున్నట్టు తేలుతుంది.

మూడోది చూపు. బోడి వాలు మీది పక్షి ఆవలి గట్టు నుంచే కనబడుతుంది, రింగాల్ పొదలో పది అడుగుల్లో ఉన్నా కనబడదు. అందుకే కంటిచూపుతో పాటు రెట్టలనూ లెక్కించండి. కానీ రెట్టలు తడి వాలులో త్వరగా కరిగిపోతాయి, ఎండు నీడలో నిలుస్తాయి. గుర్తుపెట్టిన చదరాలను ఒకసారి శుభ్రం చేసి, సమాన వ్యవధిలో మళ్లీ వెళ్లి లెక్కిస్తే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది.

వేసవి, చలికాలం అంకెలు కలిపేయకండి. కలిపితే పక్షికి ఏ చోటైనా ఒకటే అన్నట్టు తేలుతుంది. విశ్లేషణకు, పక్షి వాడిన చోట్లనూ అందుబాటులో ఉన్న మిగతా చోట్లనూ పోల్చే లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతి మొదటి ప్రాజెక్టుకు చాలు.

ప్రశ్న: గుచ్ఛి పుట్టగొడుగులు ఏరేవాళ్ల వల్ల ఈ పక్షులకు నష్టమా?

జవాబు: నష్టమే. గుచ్ఛి దొరికేది వసంతంలో, పక్షులు గుడ్లు పెట్టే వేళకే. పొదిగే పెట్ట పదే పదే లేచిపోతే గుడ్లు చల్లబడతాయి. వెంట వచ్చే కుక్కలు ఇంకా చేటు. అందరినీ ఆపడం వాళ్ల బతుకుతెరువు మీద దెబ్బ. గూళ్లున్న వాలులు తెలిసిన చోట ఆ కొన్నింటినే పొదిగే రోజుల్లో వదిలేయమని, కుక్కలను ఊళ్లోనే కట్టేసి రమ్మని గ్రామంతో మాట్లాడుకోవడం ఆచరణలో పెట్టగలిగే పని.