డాబా మీద యాంటెన్నా ఉంది, టీవీలో బొమ్మే లేదు

ప్రశ్న: మేం నాచారంలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. డాబా మీద ఓనర్ వాళ్ల పాత యాంటెన్నా ఉంది, దాని వైరు టీవీకి పెడితే చుక్కలు, గరగర సౌండ్ తప్ప ఏం రాదు. రామంతాపూర్ దూరదర్శన్ టవర్ ఇంత దగ్గర కదా, ఎందుకు రావట్లేదు? గోడకి మేకు కూడా కొట్టనివ్వరండీ మా ఓనరు.

జవాబు: టవర్ పక్కనే ఉన్నా లాభం లేదండి, ఇలాంటి యాంటెన్నాలకి సిగ్నల్ పంపే దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 కల్లా దేశంలో దాదాపు అన్నీ ఆపేశారు, ఇంక ఆ యాంటెన్నా ఎటు తిప్పినా కాకులు వాలడానికే. దూరదర్శన్ వాళ్లదే డీడీ ఫ్రీ డిష్ పెట్టుకోండి, నెలనెలా కట్టేదేం లేదు, డీడీ యాదగిరి ఛానల్ కూడా వస్తుంది. దాని శాటిలైట్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది, అంటే మనకి ఆగ్నేయం వైపు, డిష్ బాగా పైకి చూడాలి కాబట్టి పై బాల్కనీ స్లాబు అడ్డురాకుండా మీ బాల్కనీలో రెయిలింగ్ పక్కనే పెట్టాలి. మేకులెందుకు, పాత పెయింట్ డబ్బాలో సిమెంట్ పోసి స్టాండ్ పాతేస్తే ఇల్లు మారేటప్పుడు మోసుకెళ్లిపోవచ్చు, కాకపోతే గాలికి కాస్త జరిగినా సిగ్నల్ పోతుంది, గట్టిగా కట్టండి. బాల్కనీ ఉత్తరం వైపుంటే మాత్రం డాబా కోసం ఓనర్ గార్ని బతిమాలుకోవాల్సిందే. డిష్ వైరు కనెక్టర్‌కి టేపు చుట్టించడం మర్చిపోకండి, వానకి నీళ్లు దిగితే బొమ్మంతా గడులు గడులైపోతుంది.