రెండో సీసా పారేయకండి

ప్రశ్న: అమ్మా, మా అన్నయ్య బ్రస్సెల్స్ నుంచి హెర్క్యూల్ స్టౌట్ అనే నల్ల బీరు రెండు సీసాలు తెచ్చారు. ఒకదాన్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి తాగాము. మాడు చేదు తప్ప ఏమీ తెలియలేదు. గ్లాసు అడుగున మడ్డి కూడా చేరింది. పాడైపోయిందా? రెండోది పారేయమంటారా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: పారేయకండి. బీరు బాగానే ఉంది, మీరు దాన్ని మరీ చల్లగా తాగారు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే కాఫీ రుచి చూసే ఉద్యోగం చేశాను. వేడి కప్పులో చెంచా ముంచి గట్టిగా జుర్రాలి. తోచింది రాసుకుని, కాసేపాగి మళ్లీ జుర్రాలి. పూర్తిగా చల్లారాక మూడోసారి. వేడిలో దాగిన పులుపూ తీపీ చల్లారాకే బయటపడతాయి. నిరుడు డిసెంబరులో మల్లేశ్వరంలో మా అక్క కూతురి ఇంట్లో ఈ స్టౌట్ పోసి ఇచ్చినప్పుడు నేను అలవాటు కొద్దీ అలాగే మూడు విడతలుగా తాగాను. కాఫీ చల్లారుతూ రుచి విప్పుతుంది. ఇది చలి వదిలే కొద్దీ విప్పుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మీకు కలిగిన అనుభవమే నాకూ కలిగింది: అడుగంటిన గిన్నె వాసన, నాలుక వెనక చేదు. పావుగంట తరువాత నురుగు దగ్గర ముక్కు పెడితే చికోరీ కలిపిన చిక్కటి డికాక్షన్ వాసన వచ్చింది. నురుగు కూడా పాలు తక్కువ పోసిన కాఫీ రంగులోనే ఉంది. అరగంట దాటాక ఖర్జూరం తెలిసింది. ఆ వెనకే ముదురు పాకం పట్టిన బెల్లం, చివర కాస్త అతిమధురం వేరు నమిలినట్టు. గుటక దిగాక గొంతులో వెచ్చదనం చాలాసేపు నిలిచింది. ఆ మూడో విడత కోసమే ఈ బీరు తాగాలని నా గట్టి అభిప్రాయం.

ఆ చేదు ఎక్కువ భాగం వేపుడుది. బీరుకు వాడే బార్లీ గింజల్లో కొన్నింటిని కాఫీ గింజల మాదిరిగానే 200 డిగ్రీలు దాటే వేడిలో నల్లబడే దాకా వేపుతారు. మొత్తం ధాన్యంలో అలాంటివి పదో వంతు ఉన్నా చాలు, బీరంతా నల్లబడుతుంది. చలికి సువాసనలు ద్రవంలోంచి పైకి లేవవు, నాలుకకు తీపి కూడా మందగిస్తుంది. ఇక మిగిలేది చేదు ఒక్కటే. ఖర్జూరం, ఎండుద్రాక్ష తలపించే వాసనల్లో మాత్రం బీరును పులియబెట్టే ఈస్టు పాత్ర కూడా పెద్దది. బెల్జియంలో బీరు కాచేవాళ్లు పండ్ల వాసన, లవంగం ఘాటు ఇచ్చే ఈస్టును ఇష్టపడి వాడతారు.

మీరు చూసిన మడ్డి కూడా ఈస్టే. ఇది సీసాలో మరోసారి పులిసే బీరు. హాని లేదు కానీ రుచి మసకబారుతుంది. సీసాను ఒక రోజు నిలువుగా ఉంచి, ఒకే ధారగా పోసి, అడుగున వేలెడు మిగల్చండి. ఫ్రిజ్‌లోంచి తీశాక పావుగంట నుంచి అరగంట ఆగండి. సుమారు 10 నుంచి 13 డిగ్రీలు దీనికి సరైన చలి. సీసా మీద చెమ్మ పలచబడే వేళకు మూత తీస్తే సరిపోతుంది. ఎండాకాలమైతే ఇంకా త్వరగానే.

మరో మాట. ఇందులో ఆల్కహాలు 9 శాతం. 330 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 30 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో ఉండేదీ ఇంచుమించు అంతే. చిన్న సీసా కదా అని ఒక్కరే గబగబా తాగేయకుండా ఇద్దరు పంచుకోండి, ఆ రాత్రి బండి తీయకండి.

పక్కన ఆవకాయ, మిరపకాయ బజ్జీలు వద్దు. కారానికి ఆల్కహాలు తోడైతే నోరు మండుతుంది తప్ప రుచి తెలియదు. నేతి సున్నుండ పెట్టుకోండి. వేయించిన మినుముల కమ్మదనం, బెల్లం, ఈ స్టౌట్ ఒకే ఇంటి పిల్లల్లా కలిసిపోతాయి. మా అక్క కూతురు మొదట నమ్మలేదు, తరువాత డబ్బా ఖాళీ చేసింది.

ప్రశ్న: హెర్క్యూల్ అంటే డిటెక్టివ్ కథల్లోని పొయిరో పేరేనా?
— ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: అవును, అగాథా క్రిస్టీ రాసిన కథల్లోని బెల్జియం డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో పేరే. ఈ బీరు పుట్టింది బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతమైన వాలోనియాలోని ఎల్‌జెల్ అనే పల్లెలో. పొయిరో తమ ఊళ్లోనే పుట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. కల్పిత మనిషికి సొంత ఊరు ఇచ్చిన ఆ అభిమానం నాకు ఎంతో నచ్చింది.

ప్రశ్న: నల్ల బీరు బాలింతలకు బలమనీ, పాలు పడతాయనీ మా ఇంట్లో ఒకరు అంటున్నారు. నాకు మూడో నెల పాప ఉంది. కొంచెం తాగవచ్చా?
— ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: వద్దమ్మా. ఐరోపాలో ఒకప్పుడు స్టౌట్‌ను బలవర్ధకమని బాలింతలకు ఇచ్చిన మాట నిజమే, ఆ నమ్మకం అక్కడి నుంచి వచ్చిందే. కానీ నల్లగా ఉంది కదా అని ఇందులో ఇనుము ఉందనుకోవద్దు, ఆ నలుపు వేపుడు వల్ల వచ్చింది. తాగిన ఆల్కహాలు పాలలోకి చేరుతుంది, పాలు దిగడాన్ని కూడా తగ్గిస్తుంది. ఇంట్లో వాళ్లకు ఈ జవాబు చదివి వినిపించండి. పాలు చాలడం లేదనిపిస్తే పాపను తీసుకుని ఈ వారమే డాక్టరు దగ్గరకు వెళ్లండి.