మూడు హాప్‌లకీ ఒక హాప్‌కీ ఒకే స్పీడ్ వస్తుంటే

మెష్ నెట్‌వర్క్‌లో నోడ్లు (పరికరాలు) ఒకదాని డేటాను మరొకటి ముందుకు పంపుతాయి, అలా ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి వేసే ఒక్కో అడుగూ ఒక హాప్. మీ ప్యాకెట్లు (డేటా ముక్కలు) బహుశా మధ్య నోడ్ల గుండా వెళ్లడమే లేదు. బెంగళూరు బీటీఎంలోని మీ పీజీలో నాలుగు రాస్ప్‌బెర్రీ పైలు (చిన్న కంప్యూటర్లు) ఒకే అంతస్తులో పెట్టి, బ్యాట్‌మ్యాన్-అడ్వ్ (మెష్ నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్) మీద ఐపెర్ఫ్ (స్పీడ్ కొలిచే టూల్) నడిపితే, పక్క నోడ్‌కి వచ్చినంత స్పీడే నాలుగోదానికీ వస్తోందన్నారు. అంత దగ్గరలో ఒకటో నోడ్ సిగ్నల్ నాలుగోదానికి నేరుగా అందుతుంది.

1. ముందు దారి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. మామూలు ట్రేస్‌రూట్ (ప్యాకెట్ వెళ్లే దారి చూపే కమాండ్) ఇక్కడ పనికిరాదు. బ్యాట్‌మ్యాన్-అడ్వ్ లేయర్ 2లో, అంటే ఐపీకి కింది పొరలో నడుస్తుంది, ఎన్ని నోడ్లు దాటినా ఐపీకి ఒకే హాప్‌గా కనిపిస్తుంది. బ్యాట్‌మ్యాన్-అడ్వ్ కమాండ్ టూల్ బ్యాట్‌సీటీఎల్‌లో ఉన్న ట్రేస్‌రూట్ వాడండి, నాలుగో నోడ్ మ్యాక్ అడ్రస్ (హార్డ్‌వేర్ చిరునామా) ఇవ్వండి. ప్రతి టెస్ట్‌కి ముందూ తర్వాతా చూసి రాసుకోండి, మధ్యలో దారి మారితే ఆ రీడింగ్ తీసేయండి.

2. ఒకే హాప్ వస్తే ట్రాన్స్‌మిట్ పవర్ తగ్గించండి. కొన్ని వైఫై డ్రైవర్లు ఆ మాట వినవు. అప్పుడు నోడ్లను వేర్వేరు అంతస్తుల్లో పెట్టడమే దారి.

3. నిజంగా మూడు హాప్‌లు వచ్చాక స్పీడ్ మూడో వంతుకో, ఇంకా కిందకో పడుతుంది. టెన్షన్ పడకండి. ఒకే రేడియో, ఒకే ఛానల్ కదా, దగ్గర్లోని నోడ్లు వంతులవారీగానే పంపాలి.

4. రాత్రి పీజీ అంతా వీడియోలు చూసే వేళ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో కొలవొద్దు. తెల్లవారుజామున కొలవండి. టీసీపీ, యూడీపీ (డేటా పంపే రెండు పద్ధతులు) రీడింగ్‌లు విడివిడిగా రాయండి.