కరెంటు తక్కువ, చప్పుడు లేని ఇంటి సర్వర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది. ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫొటోలన్నీ అందులో చేర్చాలని, టీవీలో సినిమాలు కూడా దాన్నుంచే చూడాలని ఉంది. రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచితే బిల్లు ఎంత పెరుగుతుంది? దాన్నే వాడమంటారా, వేరేది కొనమంటారా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు కొలవండి, ఆ తర్వాతే కొనండి. కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. మీ కరెంటు మీటరు మీద ఆగి ఆగి వెలిగే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. దాని పక్కన 3200 అనో 1600 అనో అంకె ఉంటుంది. ఒక యూనిట్ కాలేసరికి ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందని అర్థం. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, కంప్యూటర్ ఒక్కటే ఆన్ చేసి, మానిటర్ తీసేసి, ఏ పనీ చెప్పకుండా పది నిమిషాలు వదిలేయండి. తర్వాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒక వెలుగుకూ ఇంకో వెలుగుకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 3200 మీటరైతే 1125ను, 1600 మీటరైతే 2250ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చేది వాట్లు. 3200 మీటరు మీద 22 సెకన్లు వస్తే 51 వాట్లన్నమాట. అదే 10 వాట్ల పెట్టె అయితే లైటు మళ్లీ వెలగడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. నాలుగైదు సార్లు చూసి సగటు తీయండి.

51 వాట్లంటే నెలకు 37 యూనిట్లు. 10 వాట్లయితే 7 యూనిట్లే. మీకు గృహజ్యోతి (తెలంగాణలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం) వస్తుంటే ఈ తేడా చాలా పెద్దది. నెలకు 175 యూనిట్లు కాలే ఇంట్లో పాత డెస్క్‌టాప్ పెడితే 212 అవుతుంది. 200 దాటిన నెలలో పైన కాలిన 12 యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు మీరే కట్టాలి. 10 వాట్ల పెట్టెతో 182 దగ్గరే ఆగుతారు.

పాత డెస్క్‌టాప్ అంత తాగడానికి కారణం ప్రాసెసర్ ఒక్కటే కాదు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఊరికే కూర్చున్నా కొన్ని వాట్లు లాగుతుంది, దాన్ని పీకేయండి. ఇక 450 వాట్ల పవర్ సప్లై మీద 20, 30 వాట్ల బరువే ఉంటే దాని సామర్థ్యం బాగా పడిపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని రాసే ముద్రలు 20 శాతం బరువు నుంచి పైకి కొలిచి ఇచ్చేవి. ఇంటి సర్వర్ ఆ 20 శాతానికి చేరేదే అరుదు.

కొనాలనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ. 2023లో వచ్చింది, నాలుగు కోర్లు. ఒక ఎస్‌ఎస్‌డీతో పెట్టె మొత్తం ఖాళీగా ఉన్నప్పుడు పది వాట్ల లోపే తాగుతుంది. వీడియోలను టీవీకి సరిపడే రూపంలోకి మార్చే పని చిప్‌లోని గ్రాఫిక్స్ భాగమే చూసుకుంటుంది, ఏవీ1 అనే కొత్త తరహా ఫార్మాట్ వీడియోలనూ చదువుతుంది. మెమరీకి స్లాటు ఒక్కటే, ఇంటెల్ చెప్పే పరిమితి 16 జీబీ. మీ పనికి 8 కూడా చాలు.

రెండోది, ఆఫీసుల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చే చిన్న పెట్టెలు: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటివి. వాటిలో ఐ5-8500టీ ఉంటే ఆరు కోర్లు. 35 వాట్ల ప్రాసెసర్ అని చూసి వెనకాడకండి. అది పని బరువు మీద పడినప్పటి లెక్క. ఖాళీగా ఉన్నప్పుడు ఇదీ పది వాట్ల చుట్టుపక్కలే తిరుగుతుంది. ఇంటి సర్వర్ రోజులో ఇరవై గంటలకు పైగా ఖాళీగానే ఉంటుంది కాబట్టి బిల్లునైనా, ఫ్యాన్ చప్పుడునైనా తేల్చేది ఆ ఖాళీ లెక్కే. ఏవీ1 మాత్రం ఇందులో రాదు. డెల్ తీసుకుంటే కంపెనీ అడాప్టర్ ఉందో లేదో షాపులోనే చూసుకోండి. ఏదో ఒకటి తగిలించి ఇస్తే, పెట్టె దాన్ని గుర్తుపట్టక వేగం తగ్గించేస్తుంది, ఆన్ చేసిన ప్రతిసారీ ఎఫ్1 నొక్కమని ఆగుతుంది. మానిటర్, కీబోర్డు లేని సర్వర్‌కు కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ అదే గతి.

మీ వాడకానికి ఎన్100 తీసుకోండి. నాలుగైదు వర్చువల్ మెషీన్లు (ఒకే పెట్టెలో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నడపాలంటే అప్పుడు రెండోది.

ప్రశ్న: మా ఇల్లు పత్తి జిన్నింగు మిల్లు పక్కన. ఏ ఫ్యాన్‌లో చూసినా దూది నలుసులే. ఫ్యాన్ లేని మినీ పీసీ కొందామంటే ఎండాకాలం తట్టుకుంటుందా అని భయం. సజ్జ మీద పెడదామనుకుంటున్నాం.
– ఓ పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: మీకు ఫ్యాన్ లేనిదే సరైనది. నలుసులు ఫ్యాన్ రెక్కలకు పట్టి ఊరుకోవు, వాటి కింద రాగి, అల్యూమినియం పలకల సందుల్లో చేరి కంబళిలా అట్ట కడతాయి. బయటి నుంచి గాలి కొడితే ఆ పొర ఇంకా లోపలికి దిగుతుంది. ఫ్యాన్ విప్పి, అట్టను పట్టకారుతో ఎత్తి తీయాల్సిందే. మిల్లు నడిచే కాలంలో నెలనెలా ఆ పని ఎవరు చేస్తారు?

సజ్జ మాత్రం వద్దండి. మే నెలలో స్లాబు పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని లోపలికి వదులుతుంది. గదిలో అన్నిటికంటే వేడి చోటు అదే. నేలకు రెండడుగుల ఎత్తులో, ఎండ పడని గోడ వారగా పెట్టండి. పెట్టె ఒంటి మీద గాళ్లు ఉంటాయి కదా, అవి నిలువుగా ఉండేలా నిలబెడితే వేడి గాలి వాటి సందుల్లోంచి తనంతట తానే పైకి పోతుంది. చుట్టూ జానెడు జాగా వదలండి. దుమ్ము పడుతుందని మీద గుడ్డ కప్పొద్దు.

ఇంకో పని. చాలా ఎన్100 పెట్టెల్లో అమ్మేవాళ్లు పవర్ లిమిట్‌ను చిప్ అసలు లెక్క 6 వాట్లకు చాలా పైన పెట్టి పంపుతారు. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగులు) పీఎల్1 అనే ఆ పవర్ లిమిట్‌ను 8 లేదా 10 వాట్లకు దించండి. ఫొటోల పనికి తేడా తెలియదు. ప్రాసెసర్ 100 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, వేడెక్కితే తనే నెమ్మదిస్తుంది. హార్డ్ డిస్క్‌కు ఆ ఓర్పు లేదు, చాలావాటికి పరిమితి 60 డిగ్రీలే. అందుకే డిస్క్‌ను పెట్టె మీద పెట్టకుండా పక్కన పెట్టండి.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 5 అనే అరచేతి సైజు కంప్యూటర్‌కు 65 వాట్ల ఫోన్ చార్జర్ పెట్టాను. అయినా యూఎస్‌బీ హార్డ్ డిస్క్ కాపీ మధ్యలో మాయమవుతోంది. డిస్క్ పోయిందా?
– ఓ విద్యార్థి, కరీంనగర్

జవాబు: డిస్క్ కంటే ముందు చార్జర్‌ను అనుమానించండి. 65 వాట్ల చార్జర్ ఆ బలమంతా 20 వోల్టుల దగ్గర ఇస్తుంది. పై 5కు కావాల్సింది 5 వోల్టులు, 5 ఆంపియర్లు. మీ చార్జర్ 5 వోల్టుల దగ్గర ఇచ్చేది మామూలుగా 3 ఆంపియర్లే. అది గమనించి పై 5 తన నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 600 మిల్లీఆంపియర్లకే కత్తెర వేస్తుంది. తిరగడం మొదలుపెట్టే క్షణంలో రెండున్నర అంగుళాల డిస్క్‌కు అంతకంటే ఎక్కువే కావాలి. పై 5 కోసమే చేసిన 27 వాట్ల అడాప్టర్ పెడితే ఆ పరిమితి 1.6 ఆంపియర్లకు పెరుగుతుంది. లేదంటే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ ద్వారా డిస్క్ తగిలించండి. రెండూ చేశాక కూడా డిస్క్ మాయమైతే కేబుల్ మార్చి చూడండి, ఆ తర్వాత స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తీయండి.

ప్రశ్న: మా సర్వర్‌లో రెండు మూడున్నర అంగుళాల డిస్కులున్నాయి. బీరువా మీద పెట్టాం. రాత్రి పడుకుంటే "ఊం..." అని ఎక్కుతూ తగ్గుతూ మోత. ఫ్యాన్ మార్చినా పోలేదు.
– ఓ పాఠకుడు, మంచిర్యాల

జవాబు: అది ఫ్యాన్ మోత కాదు, మీ బీరువా మోత. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఆ వణుకు పలుచని ఇనుప రేకుకు అందితే డప్పు మీద దరువే. రెండు డిస్కుల వేగాల్లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది కాబట్టి మోత కాసేపు కలిసి పెరుగుతుంది, కాసేపు విడిపోయి తగ్గుతుంది. మీకు వినిపించే ఎక్కుదిగుడు అదే. పెట్టెను దించి నేల మీదో, గోడలోని రాతి అర మీదో పెట్టండి. నాలుగు మూలలా పాత హవాయి చెప్పు ముక్కలు కోసి వేయండి, మెత్తటి స్పాంజి కంటే అవే నయం.

డిస్కులు రాత్రి నిద్రపోతే ఇంకా మంచిది. వాటిని మాటిమాటికీ లేపేది ఫొటోల యాప్ డేటాబేసు, చిన్న బొమ్మలు, లాగ్ ఫైళ్లు. ఈ మూడింటినీ చిన్న ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి, తర్వాత డిస్కుల నిద్ర సమయం 30 నిమిషాలు పెట్టండి. మార్చకుండా ఐదు నిమిషాలని పెడితే మాత్రం డిస్క్ రోజంతా పడుకుని లేస్తూనే ఉంటుంది. కరెంటు మిగిలేది తక్కువ, మోటారుకు అరుగుదల ఎక్కువ.

కొత్త డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ (డేటా గీతలు పక్కపక్కనే రాసే రకం) అని కంపెనీ వివరాల కాగితం మీద రాసి ఉందో లేదో చూడండి. గీతలను పెంకుల్లా ఒకదాని మీదొకటి రాసే ఎస్‌ఎంఆర్ డిస్కును రెయిడ్‌లో (ఒకటి పోయినా డేటా నిలిచేలా డిస్కులను జతకట్టే పద్ధతి) పెడితే, ఒకటి పాడై కొత్తది నింపే రోజున రాయడం నత్తనడకన సాగుతుంది, ఒక్కోసారి మధ్యలోనే తెగిపోతుంది.

ప్రశ్న: ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోగానే సర్వర్ ఆగి మళ్లీ మొదలవుతోంది. రౌటర్‌కు వాడే మినీ యూపీఎస్ సరిపోతుందా?
– ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉందేమో చూసి, యూపీఎస్ వైపు పెట్టండి. చాలా ఇళ్లలో అంతటితో సరిపోతుంది. బయాస్‌లో "కరెంటు వచ్చాక దానంతటదే ఆన్" అన్నదీ పెట్టుకోండి. ఇక మినీ యూపీఎస్ సంగతి: మీ పెట్టె అడాప్టర్ మీద 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంటే, యూపీఎస్ మీద కూడా 12 వోల్టులే ఉండాలి, ఆంపియర్లు 3కు తగ్గకూడదు. రౌటర్ల కోసం అమ్మేవి ఎక్కువగా 2 ఆంపియర్లవే. వాటి మీద పెట్టె ఖాళీగా ఉన్నంతసేపు నడుస్తుంది, సినిమా పెట్టగానే పడిపోతుంది. 19 వోల్టుల పెట్టెలకు వీటిని తగిలించనే వద్దు.